పాత దవాఖాన డిగ్రీ కాలేజీ

సదానందం సారుకు దయ్యాలంటే భయం. రాజనీతిశాస్త్రం చెప్పే మనిషికి ఇలాంటి భయం ఉండకూడదని ఆయనకూ తెలుసు. అందుకే ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. భార్య నీరజకు మాత్రం పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది. పొద్దుగూకాక పెరట్లోకి పోవాల్సి వస్తే ఆయన ఏదో ఒక వంక పెట్టి ఆమెను కూడా వెంటబెట్టుకుపోయేవాడు. "బయట సల్లగుంది, దా, జరసేపు కూసుందాం" అనేవాడు. మాఘమాసపు చలిలో కూడా అదే మాట.

సొంత ఊరు లింగాల ఘనపూర్. ఎం.ఏ. చదివి కాంట్రాక్టు లెక్చరర్ అయ్యాడు. కాంట్రాక్టు లెక్చరర్ ఉద్యోగం ఎండాకాలంలో చచ్చిపోయి, వానలు పడ్డాక మళ్ళీ లేస్తుంది. ఒక ఏడు లేవకపోయినా అడిగే దిక్కుండదు. ముందుగా ఆయన భూపాలపల్లి దిక్కు అడవి అంచు ఊళ్ళో ఒక చిన్న కాలేజీలో పనిచేశాడు. పిల్లలు చాలడం లేదని హైదరాబాద్‌లో ఎవరో తేల్చారు, నిధులు ఆగాయి, కాలేజీని తీసుకుపోయి దూరపు పట్నంలో కలిపేశారు. తలుపుకు తాళం వేసింది సదానందమే. వేస్తుండగా ఒక ఆడపిల్ల పుస్తకాలు గుండెకు అదుముకుని వచ్చింది.

"గింత జల్ది మూస్తున్నరేంది సార్? రేపు క్లాసుందా?"

"చూద్దాం బిడ్డా" అన్నాడాయన.

మరుసటి ఏడాది ఆ పిల్ల మిరప చేలకు పోయే కూలీల ఆటోలో కనబడింది. ఆటో పోతూండగానే నమస్తే పెట్టింది. సారు చేతిసంచి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, తిరిగి నమస్తే పెట్టేసరికి ఆటో మలుపు తిరిగిపోయింది. ఆ నమస్తే కరెంటు స్తంభానికి చెందింది. పక్కన ఛాయ్ తాగుతున్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు.

రెండో ఉద్యోగం కొత్తగూడ నుంచి ఇంకా లోపలికి, అడవి దారిలో దొరికింది. శాసనసభలో ఎవరో అడిగితే ఎవరో సరేనన్నారు, తండాల పిల్లలకు డిగ్రీ కాలేజీ మంజూరైంది. మాట మంజూరైంది గాని గోడలు మంజూరు కాలేదు. ఊరవతల పాత సర్కారు దవాఖాన ఖాళీగా పడి ఉంటే కాలేజీని తెచ్చి అందులో పెట్టారు. చీటీలు రాసిచ్చే వసారా ఆఫీసైంది, ప్రిన్సిపాల్‌ను వేయలేదు గనక ఆ బాధ్యతా సదానందానిదే అయింది. మగవాళ్ళ వార్డులో మొదటి సంవత్సరం, ఆడవాళ్ళ వార్డులో రెండూ మూడూ కలిపి. మంచాల ఇనుప కాళ్ళు దిగబడ్డ గుంటలు నేల మీద వరసగా అలాగే ఉన్నాయి. బెంచీలు ఎటు జరిపినా చివరికి ఆ గుంటల్లోకే దిగి కుదురుకునేవి. గోడ మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న ఎర్ర అక్షరాలు మాత్రం కాలేజీకి కూడా అక్కరకొచ్చాయి.

ఇక లైబ్రరీ. ఆ ఆవరణ మొత్తంలో వానకు కారని గది ఒకటే ఉంది. వెనక్కి, విడిగా, ఒకటే తలుపుతో, పైన చిన్న జాలీతో. అది శవాలను కోసిన గది. పాము కరిచినవాళ్ళను, పురుగుల మందు తాగినవాళ్ళను, ఇప్పచెట్టు మీంచి పడ్డవాళ్ళను చుట్టుపక్కల తండాల నుంచి ఒకప్పుడు అక్కడికే మోసుకొచ్చేవారు. ఊళ్ళో దాన్ని కోతగది అనేవారు. గది నడుమ నల్లరాతి బండ, నీళ్ళు పోవడానికి దాని చుట్టూ సన్నని కాలువ. బండను పెకిలించడానికి ఏ కూలీ ఒప్పుకోలేదు. పుస్తకాలు దాని మీదే పేర్చారు.

"పొయ్యి పుస్తకాలు తెచ్చుకోండ్రి" అని సారు అంటే, "మీరు గూడ రాండ్రి సార్, కలిసే పోదాం" అనేవారు పిల్లలు. దయ్యాలు లేవని ఒక చిన్న ఉపన్యాసమిచ్చి, జేబులో నిమ్మకాయ ఉందో లేదో తడిమి చూసుకుని ఆయన కదిలేవాడు. ఒకరోజు బండ మీదికి వంగేసరికి నిమ్మకాయ జారి, దొర్లుకుంటూ పోయి జమున కాళ్ళ దగ్గర ఆగింది. జమున దగ్గర్లోని తండా పిల్ల. చదువూ ఉంది, నోరూ ఉంది.

"సార్, మీ రాజ్యాంగం కిందవడ్డది" అంది, నిమ్మకాయ తీసి చేతికిస్తూ.

"జ్వరం తీరుగ ఉంది. షర్బత్‌కని తెచ్చుకున్న."

"దినాం జ్వరమేనా సార్? దవాఖాన్లనే ఉన్నం గద, చూపిచ్చుకోరాదుండ్రి?"

ఆ పిల్లలకే ఆయన బడ్జెట్ పాఠం చెప్పేవాడు. ప్రతి శాఖ ఖర్చుకూ ఒక పద్దు ఉంటుందని, సభ దాన్ని చర్చించి ఒప్పుకోవాలని, గడువు అయిపోతే చర్చకు రాని పద్దులన్నింటినీ ఒక్క వేటుతో ఆమోదిస్తారని, దాన్నే గిలెటిన్ అంటారని. ఆ రోజుల్లో తెలంగాణ నినాదాలతో సభ ఆగి ఆగి నడిచేది. తమ కాలేజీకి వచ్చే నిధులు కూడా ఆ దారినే వచ్చాయని ఆయన చెప్పాడు.

"గిలెటినంటే తలకాయలు కోసే మిషిని గద సార్?" అన్నాడు ఉపేందర్. ఆ కాలేజీలో ఉద్యమానికి జెండా పట్టేది అతనే.

"అవును."

పిల్లలందరూ ఒక్కసారి కిటికీలోంచి వెనక గది వైపు చూశారు. ఎవరూ నవ్వలేదు. సారు పాఠం ఆపి నీళ్ళు తాగాడు.

ఆ ఊరు ఎప్పటికీ మరిచిపోకుండా ఆయన చేసిన పని ఇంకొకటి ఉంది. కాలేజీ పెట్టిన తొలి ఏడాది తల్లిదండ్రుల సమావేశం పెడితే చాలా తండాల నుంచి తల్లులు వచ్చారు. ఆవరణలో ఒకరినొకరు చూసుకోగానే మెడలు కావలించుకుని, కొంగులు ముఖాల మీదికి లాక్కుని, రాగం తీసి ఏడవడం మొదలుపెట్టారు. ఎవరో పోయారనుకున్నాడు సారు. ఎవరని అడగడం మర్యాద కాదు. పిల్లలందర్నీ లైన్లో నిలబెట్టి మౌనం పాటింపజేసి, ఈ దుఃఖ సమయంలో కాలేజీకి సెలవని గంభీరంగా ప్రకటించాడు. పిల్లలు మాయమయ్యారు. సెలవుకు కారణమడిగే పిల్లలు ఏ కాలేజీలోనూ ఉండరు.

అటెండర్ భద్రు మెల్లగా దగ్గరికి వచ్చాడు. అతనిదీ తండానే.

"ఎవలు సచ్చిండ్రు సార్?"

"నన్నడుగుతవేంది భద్రన్నా? ఏడ్సేది మీ ఆడోళ్ళు గద!"

"అయ్యో సార్! శానా దినాలకు కలిస్తె మావోళ్ళు గట్లనే ఏడుస్తరు. అక్క చెల్లెను చూసింది, అవ్వ బిడ్డను చూసింది. కష్టం సుఖం అంత గా రాగంలనే చెప్పుకుంటరు. గది సంబురం సార్!"

ఏడాది పొడుగునా ఆయన్ని "సంబురానికి సంతాపం పెట్టిన సారు" అన్నారు. ఆయనకు మాత్రం ఒక మేలు జరిగింది. కొంగు చాటున తల్లులు ఏడుస్తుంటే భయపడనక్కర లేదని తెలిసింది.

మూడో ఏడు వానకాలంలో కబురొచ్చింది. శాసనసభ సంఘం ఒకటి కొత్త కాలేజీలను చూసుకుంటూ వస్తోంది. పిల్లలూ తల్లిదండ్రుల ఆదరణా కనిపిస్తే నిధులు కొనసాగుతాయి. లేకపోతే మానుకోట కాలేజీలో కలిపేస్తారు. మానుకోటకు బస్సులో పోయి వచ్చేసరికి పొద్దు పోతుంది. మగపిల్లలైతే అక్కడే గదులు తీసుకుని ఉంటారు. ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలా?

"కాలేజీ పోతె నాకు లగ్గమే సార్" అంది జమున. "పోరడు గూడ రెడీగున్నడు. హైదరబాద్ల ఆటో నడుపుతడట. మంచోడే. గని నేను పరీచ్చ రాయాలె గద."

సారుకు మిరప కూలీల ఆటో గుర్తొచ్చింది. ఇంకో కాలేజీకి తన చేతులతో తాళం వేయలేననుకున్నాడు.

సరిగ్గా సంఘం వచ్చే రోజునే బంద్ పడింది. రోడ్డు మీద వంటావార్పు పెడుతున్నామని ఉపేందర్ వచ్చి చెప్పాడు.

"గా దినమే దొరికిందార నీకు?"

"అందుకే గద సార్! హైదరబాద్ నుంచి వచ్చినోళ్ళు మన గొంతు ఇనాలె. తెలంగాణ వస్తె గీ దవాఖాన్ల మనకేం పని? బంగ్లాలు కట్టుకుందాం."

"తెలంగాణ వచ్చేదాంక లగ్గం ఆపుమని మా నాయినకు నువ్వు చెప్తవా?" అంది జమున.

"అంటె నువ్వు రావా?"

"ఎందుకు రాను? ఉప్మా నేనే కలుపుత. పోయినసారి మీరు చేసింది కుక్క గూడ ముట్టలే."

సారు ఎవరినీ ఆపలేకపోయాడు. ఆయన కూడా మొన్నటి సమ్మెలో రోడ్డు మీద కూర్చుని వండినవాడే. ఆ మాడిన ఉప్మాలో ఆయన చేయి కూడా ఉంది. చివరికి భద్రును పిలిచాడు. పిల్లలు లేకపోతే తల్లులనైనా చూపిద్దాం, అన్ని తండాలూ తిరిగి ఎంతమంది వస్తే అంతమందిని తీసుకురా అన్నాడు. భద్రు తెల్లవారుతుండగానే వాగు దాటి పోయాడు.

పగటికల్లా ఆకాశం కిందికి దిగింది. వాన మొదలైంది. బంద్‌కు బస్సులు లేక మిగతా లెక్చరర్లు రాలేదు, దవాఖాన మొత్తానికి సదానందం ఒక్కడే మిగిలాడు. కప్పు కారి నేల మీద గుంటల్లో నీళ్ళు నిండాయి. మంచాలు లేని చోట మంచాల వరసలు నీళ్ళతో మెరుస్తూ కనిపించాయి. ఆయన వార్డులోకి పోవడం మానుకుని వసారాలో నిలబడ్డాడు. పైకి వినబడేట్టు పాఠం చెప్పుకున్నాడు. కాసేపటికి, ఎవరో వింటున్నట్టు అనిపించి, అదీ ఆపేశాడు.

పోలీసు జీపు ముందు, తెల్ల కారు వెనక వచ్చాయి. సంఘం అధ్యక్షుడు పెద్దాయన, కోస్తా మనిషి, పంచె తడవకుండా ఎత్తి పట్టుకుని దిగాడు. పక్కన గొడుగుతో పడుచు కార్యదర్శి. పెద్దాయన మగ వార్డు చూశాడు. ఆడ వార్డు చూశాడు.

"పిల్లలేరయ్యా?"

"బంద్ సార్. రోడ్డు మీద ఉన్నరు."

"మేం రోడ్డు చూడ్డానికి రాలేదు కదా." కోపంగా అనలేదు, అలసిపోయి అన్నాడు. "నువ్వొక్కడివి ఉంటే దీన్ని కాలేజీ అని ఎలా రాయమంటావు?"

కార్యదర్శి పెన్ను తీశాడు.

అప్పుడు వెనక నుంచి ఏడుపు వినిపించింది.

ముందు ఒకే గొంతు, సన్నగా, నేలలోంచి తోడినట్టుగా. దాని కిందికి ఇంకో గొంతు చేరింది. ఆ తర్వాత ఎన్నో. వాన చప్పుడును పక్కకు నెట్టి ఆ రాగం ఆవరణంతా పరుచుకుంది. పోలీసాయన టోపీ తీశాడు. కార్యదర్శి చేతిలో పెన్ను కదల్లేదు. సదానందం చేయి దానంతటదే జేబులోకి పోయింది. మరుక్షణమే ఆయన ముఖం విప్పారింది. తల్లులు! భద్రు వెనక బాటన తీసుకొచ్చి, వానకు తడుస్తారని లైబ్రరీలో కూర్చోబెట్టి ఉంటాడు!

"భయపడకుండ్రి సార్!" అన్నాడు, తాను ఎన్నడూ భయపడనివాడిలా. "ఎవరూ చచ్చిపోలే. తండాల తల్లులు. పిల్లల చదువు కోసం మీటింగుకు వచ్చిండ్రు. చాలా రోజులకు కలిసిండ్రు గద, మావాళ్ళ ఆచారం, ఇట్లనే పలకరించుకుంటరు. దుఃఖం కాదు సార్, సంబురం."

పెద్దాయన వసారా చివరిదాకా నడిచి, అక్కడే ఆగి విన్నాడు.

"ఇంత వానలోనా? ఎక్కడి నుంచి?"

"అన్ని తండాల నుంచి సార్."

"అంత చిన్న గదిలో పట్టారా?"

"సర్దుకుంటరు సార్. మావాళ్ళు సర్దుకుంటరు."

"తలుపు తీయిస్తే ఎంతమందో చూసుకుందాం సార్" అన్నాడు కార్యదర్శి.

"ఆడవాళ్ళు గుండె విప్పుకుని ఏడుస్తుంటే తలుపు తోస్తావా? మతుందా నీకు?" పెద్దాయన కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. "రాసుకో. తల్లుల ఆదరణ ఉంది. మామూలుగా లేదు."

వాగు పొంగుతోందని, ఇంకాసేపైతే దారి ఉండదని పోలీసాయన తొందరపెట్టాడు. కార్యదర్శి గొడుగుతో పెరటి వైపు తొంగిచూసి గబగబా వెనక్కి వచ్చి, "సార్, ఆ తలుపుకు..." అని ఏదో అనబోయాడు. పెద్దాయన అప్పటికే కారెక్కాడు. కారు మలుపు తిరిగేదాకా ఆ పడుచువాడి ముఖం వెనక అద్దంలోంచి ఇటే చూస్తూ ఉంది.

సదానందం వానలో పరిగెత్తినట్టే వెళ్ళాడు. వాళ్ళ భాషలో వచ్చిన నాలుగు ముక్కలతో దండం పెట్టి చెప్పాలనుకున్నాడు. యాడీ, అంటే అమ్మా, అని పిలవాలి అందరినీ. ఏడుపు తలుపు దాకా ఉంది. తట్టడానికి చెయ్యెత్తాడు.

తలుపుకు తాళం ఉంది. పొద్దున తానే వేసిన తాళం. తాళంచెవి తన జేబులో, నిమ్మకాయ పక్కనే ఉంది.

లోపల ఏడుపు ఆగలేదు. తగ్గింది. సారు గుమ్మంలోకి వచ్చాడని తెలిసినప్పుడు క్లాసు గొంతు తగ్గించినట్టు.

ఇలాంటప్పుడు మనిషన్నవాడు అరవాలి, లేదా పరుగు తీయాలి. సదానందం అంతకంటే సిగ్గుచేటైన పని చేశాడు. "మీరు కానియ్యండ్రి" అన్నాడు మర్యాదగా. అని, వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి నడిచి, వసారా మెట్టు తట్టుకుని కూలబడ్డాడు.

భద్రు వచ్చేసరికి ఏడుపు ఆగింది, ఆయన మాత్రం అక్కడే ఉన్నాడు. భద్రు ఒక్కడే వచ్చాడు, ఛాతీ దాకా బురదతో.

"మాఫ్ చెయ్యాలె సార్. వాగు దుంకుతంది. ఒక్క ఆడమనిషిని గూడ దాటియ్యలేకపోయిన. అందరు ఆ ఒడ్డుకే ఆగిండ్రు. నేనొక్కణ్ణే ఈదుకుంట వచ్చిన. ఆల్లు వచ్చి పోయిండ్రా? అయిపాయెనా మన కాలేజి?"

సారు తాళంచెవి చాచాడు.

"లైబ్రరీ తెరువు భద్రన్నా."

భద్రు ఆయన ముఖం చూశాడు, తాళంచెవి చూశాడు. "ఏమైంది సార్?"

సారు చెప్పాడు. భద్రు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నేనెందుకు తెరుస్త సార్? తాళం మీరేసిండ్రు."

"అటెండర్ నువ్వు."

"లైబ్రరీ ఇంచార్జి మీరు."

ఇద్దరూ అలా తాళంచెవిని ఒకరి వైపొకరు తోసుకుంటుంటే జమున వచ్చింది, తడిసి, పొయ్యి పొగ వాసనతో. రోడ్డు మీది నుంచి కారు పోవడం చూసి పరిగెత్తుకొచ్చింది. సంగతి విని ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తాళంచెవి లాక్కుని పోయి తలుపు తీసింది. ఆమె వెనక భద్రు, భద్రు వెనక సారు.

ఎవరూ లేరు. నేల పొడిగా ఉంది. బండ మీద పుస్తకాలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. జాలీలోంచి కొంచెం వెలుతురు. కాని ఆ గది ఎప్పటిలా చల్లగా లేదు. వెచ్చగా ఉంది. తలనూనె, తడిబట్టలు, ఊపిరి కలగలిసిన వెచ్చదనం.

"ఇప్పుడే క్లాసు ఇడిసినట్టున్నది సార్" అంది జమున.

వాగు తగ్గాక సారు తండాకు పోయి భద్రు తల్లి మోతీ దగ్గర కూర్చున్నాడు. మోతీ చాలా పెద్దది, చూపు తగ్గింది. ఏ రాగంలో ఏడ్చారో పాడి చూపించమంది. సారు గొంతు సవరించుకుని పాడాడు. పొయ్యి దగ్గరున్న కోడళ్ళు నోట్లో కొంగు కుక్కుకున్నారు, పిల్లలు వాకిట్లో పడి దొర్లారు. మోతీ కూడా నవ్వుతూ వింటూ, ఉన్నట్టుండి నవ్వు ఆపింది.

"సచ్చినోళ్ళ కోసం ఏడ్సేది గట్ల రాదు సారూ. గది కలిసినప్పుడు ఏడ్సేది."

"ఎవలను కలిసిండ్రవ్వా?"

"నాకేమెరుక? గా గదిలకు దినాం ఎవలు పోతరు? మీ పోరగాండ్లే గద." ఆమె కొంగు సర్దుకుంది. "గప్పట్ల గా తలుపు కాడ మమ్ముల నిలవెట్టేటోళ్ళు. లోపలికి రానియ్యకపోయేది. కోసి, బట్టల సుట్టి, బయటికిచ్చేటోళ్ళు. లోపలున్నోళ్ళను మా వాళ్ళొక్కలు గూడ పలకరిచ్చింది లేదు."

సారు ఇంటికి పోతూ దారంతా ఆలోచించాడు. సంఘానికి అబద్ధం చెప్పానా? ఏడుపు నిజం. ఆచారం నిజం. లోపలున్నది తల్లులు కాదని మాత్రం తాను ఎలా చెప్పగలడు?

బతుకమ్మ పండుగ వెళ్ళాక ఉత్తర్వు వచ్చింది. కాలేజీ కొనసాగుతుంది. జమున ఆ కాగితం ఒకటికి రెండుసార్లు చదివి, తండ్రికి చూపిస్తానని తీసుకుపోయింది. సారు సొంత ఊళ్ళో ఉన్న నీరజకు ఫోన్ చేశాడు.

"ఉన్నట్టేనా మరి నౌకరీ?" అందామె.

"ఉన్నట్టే. కొన్నేండ్ల దాంక ఢోకా లేదు."

"మంచిదాయె. కొత్త బిల్డింగు గూడ ఇచ్చిండ్రా?"

"లే." అన్నాడాయన. "గదే బిల్డింగుల నడుపుమన్నరు."

అటు నుంచి నీరజ చాలాసేపు నవ్వింది. కావాలంటే వచ్చి కొన్నాళ్ళు తోడుంటానంది. వద్దనలేదాయన.

దీపావళి ముందు తుఫాను వాన పట్టుకుంది. ఆడ వార్డు కప్పు ధారలు కట్టి, పాఠం చెప్పడానికి ఎక్కడా పొడి చోటు లేకపోయింది. పిల్లలు బెంచీలు మోసుకుని ఒకరి వెనక ఒకరు పెరట్లోకి నడిచారు. వద్దని సారు అనలేకపోయాడు. అంత కష్టపడి నిలబెట్టుకున్న కాలేజీలో వాన పడని చోటు అదొక్కటే. పుస్తకాలు మూలకు సర్ది, బండకు ఇటువైపు బెంచీలు వేసుకుని పిల్లలందరూ ఇరుక్కుని కూర్చున్నారు. సారు తలుపు దగ్గరే నిలబడి పద్దుల పాఠం మొదలుపెట్టాడు.

ఉపేందర్ ఆలస్యంగా వచ్చాడు. ఇటు కాలు పెట్టే సందు లేదు. బండకు అటువైపు గోడ దాకా ఖాళీ.

"అటు కూసో" అన్నాడు సారు.

జమున రాసుకుంటున్న కాగితం మీంచి తల ఎత్తలేదు.

"అటు జాగ లేదు సార్" అంది, మామూలుగా.

ఉపేందర్ అటు చూశాడు. ఎందుకని అడగలేదు. ఇటు పిల్లల్ని జరిపి బెంచీ చివర సగం కూర్చున్నాడు. సారు గొంతు సవరించుకుని, తలుపు వదిలిపెట్టి, బండ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వదిలిన చోటి నుంచి పాఠం అందుకున్నాడు. ఈసారి రెండు వైపులకూ తిరిగి, అందరికీ వినబడేట్టు.